ముట్లు నిలిచాక గర్భసంచిలో పాలిప్: ముందు ముక్క పరీక్ష, సంచి మాట తర్వాత

ప్రశ్న: నాకు 59 ఏళ్లు. మాది పర్లాకిమిడి. ముట్లు నిలిచి ఎనిమిదేళ్లు దాటింది. దసరా ముందు మూడు రోజులు బట్టకు ఎర్రమరక కనిపించి దానంతటదే ఆగిపోయింది. ఇక్కడ స్కాన్ తీస్తే ‘ఎండోమెట్రియం 11 మి.మీ., 16×9 మి.మీ. పాలిప్’ అని రాశారు. డాక్టరమ్మ ఒడియాలో ‘జరాయు’లో ఏదో పెరిగిందన్నారు. జరాయువంటే కాన్పులో పడే మావి కదా, ఈ వయసులో మావేమిటని భయమేసింది. అవతల ఆంధ్రాలో ఇంకొకరికి చూపిస్తే ‘ఇప్పుడు ఆ సంచితో పనేముంది, తీసేద్దాం’ అన్నారు. నాకు బీపీ, షుగర్ ఉన్నాయి. బరువు 76 కిలోలు. ఇది కాన్సరేనా? మాఘంలో చిన్నమ్మాయి పెళ్లి ఉంది, అదయ్యాక చూసుకోవచ్చా? మా అప్ప రొమ్ము కాన్సర్‌కు టామోక్సిఫెన్ మాత్ర వేసుకుంటోంది. ఆమెకూ ఇలాంటిది వస్తుందా?
– ఒక సోదరి, గజపతి జిల్లా

సమాధానం: అమ్మా, ముందు పెళ్లి సంగతే చెబుతాం. మాఘం దాకా ఆగకండి. అలాగని రాత్రికి రాత్రి బండి కట్టించుకుని పరుగెత్తాల్సినంత ప్రమాదమూ లేదు. రెండు మూడు వారాల్లోపు ఆ పాలిప్‌ను తీయించి ముక్క పరీక్షకు (బయాప్సీకి) పంపండి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి తిరిగి రాగలిగే పని అది. రిపోర్టు రావడానికి సుమారు వారం. పెళ్లిపనులు ఊపందుకునే సరికి మీ చేతిలో జవాబు ఉంటుంది. ఇప్పుడు వాయిదా వేస్తే పందిట్లో నిలబడి కూడా ఆ మరక గురించే ఆలోచిస్తారు.

తొందర పెట్టడానికి కారణం ఆ మూడు రోజుల మరకే. ముట్లు నిలిచి పన్నెండు నెలలు దాటిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా, గులాబీ రంగు నీరులా కనిపించినా పరీక్ష చేయించాల్సిందే. ‘ఆగిపోయింది కదా’ అనుకుని ఊరుకోవడం మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. మామూలు పాలిప్ నుంచి వచ్చే మరకా ఆగుతుంది, కాన్సర్ నుంచి వచ్చే మరకా ఆగుతుంది. ఇలా రక్తం కనిపించిన స్త్రీలందరికీ పరీక్షలు చేస్తే 100లో సుమారు 9, 10 మందికి గర్భసంచి లోపలిపొర కాన్సర్ బయటపడుతుంది. మిగిలినవారిలో చాలామందికి పొర పలచబడి ఎండిపోవడమో, పాలిప్పో కారణం. ఆ కాన్సర్ వచ్చినవారిని అడిగితే 100లో దాదాపు 90 మందికి మొదటి గుర్తు ఈ మరకే. శరీరం ఇంత ముందుగా చెప్పే కాన్సర్లు తక్కువ. సంచి దాటి పోకముందే పట్టుకుంటే 100లో 90 మందికి పైగా ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటారు.

‘జరాయు’ మాటకు భయపడకండి. ఒడియాలో జరాయు అంటే గర్భసంచే. మనం జరాయువని మావిని అంటాం, వాళ్లు ఆ మాటను సంచికే వాడతారు. అక్కడి చీటీల మీద ‘కర్కట రోగ’ అని రాసి ఉంటే మాత్రం అది కాన్సర్ గురించిన మాట. ఆ మాట మీ చీటీలో ఉందో లేదో ఒడియా చదివేవారి చేత ఒకసారి చూపించుకోండి. లేకపోతే ఎవరూ మీకు కాన్సర్ అని చెప్పలేదన్నట్టే.

గర్భసంచి లోపల గోడకు అంటుకుని ఉండే మెత్తటి పొర ఒకచోట ఎక్కువగా పెరిగి, చెట్టు కాండం మీద పిలకలా సంచి ఖాళీలోకి వేలాడితే దాన్నే పాలిప్ అంటారు. కొన్నింటికి సన్నటి కాడ ఉంటుంది, కొన్ని వెడల్పాటి మొదలుతో గోడకు అతుక్కుని ఉంటాయి. నువ్వుగింజంత మొదలుకొని సంచి నిండేంత దాకా పెరగొచ్చు. చాలామంది దీన్ని ‘గడ్డ’ అని ఫైబ్రాయిడ్‌తో కలిపేస్తారు. ఫైబ్రాయిడ్ సంచి కండరంలోంచి పుట్టే గట్టి గడ్డ, పాలిప్ లోపలి పొరలోంచి పుట్టే మెత్తటి కండ. రెండింటికీ చేసే వైద్యం వేరు.

ఇక మీరు నేరుగా అడిగిన మాట: ఇది కాన్సరేనా? స్కాన్ చూసి ఎవరూ చెప్పలేరు. కానీ లెక్క మీ వైపే ఉంది. ముట్లు నిలిచాక రక్తం కనిపించి పాలిప్ ఉన్నవారిలో 100కి సుమారు 5 మందికి ఆ పాలిప్‌లో కాన్సరో, దానికి ముందు దశో దొరుకుతుంది. సుమారు 95 మందికి దొరకదు. రక్తం కనిపించకుండా వేరే పనికి తీసిన స్కాన్‌లో పాలిప్ బయటపడినవారికైతే ఆ లెక్క 100కి ఒకరిద్దరు. అలాంటివారు, పాలిప్ చిన్నదై వేరే ముప్పులు లేకపోతే, డాక్టరుతో మాట్లాడి కొంతకాలం చూస్తూ ఉండవచ్చు. మీకు ఆ వెసులుబాటు లేదు. మరక కనిపించింది, వయసు 59, బరువు, బీపీ, షుగర్ మూడూ ఉన్నాయి.

బరువుకూ దీనికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. ముట్లు నిలిచాక అండాశయాలు ఈస్ట్రోజెన్ దాదాపు మానేస్తాయి. కానీ ఒంటి కొవ్వు ఊరుకోదు. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే వేరే హార్మోన్లను తీసుకుని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. దాన్ని అదుపు చేసే ప్రొజెస్టెరాన్ ఆ వయసులో ఉండదు. అడ్డులేని ఈస్ట్రోజెన్ ఎక్కువకాలం తగులుతుంటే లోపలి పొర మందంగా పెరుగుతుంది, పాలిప్‌లు పుడతాయి, కొందరిలో కణాలు దారి తప్పుతాయి. షుగర్, బీపీ ఉన్నవారిలో ఈ కాన్సర్ ఎక్కువ కనిపిస్తుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. పరీక్ష తొందరగా చేయించుకోవడానికి ఇది ఇంకో కారణం, అంతే.

స్కాన్‌లో ఎండోమెట్రియం, అంటే సంచి లోపలి పొర, ‘11 మి.మీ.’ అని చూసి చాలామంది హడలిపోతారు. రక్తం కనిపించిన స్త్రీకి కింది నుంచి చేసే ట్రాన్స్‌వెజైనల్ స్కాన్‌లో పొర 4 మి.మీ. లోపు ఉంటే కాన్సర్ ఉండే అవకాశం 100కి ఒకటి కన్నా తక్కువ. దాన్ని దాటితే ముక్క పరీక్ష కావాలి. మీ 11 మి.మీ.లో పాలిప్ మందం కూడా కలిసి ఉండవచ్చు, కాబట్టి ఆ అంకె ఒక్కటే ఏమీ తేల్చదు. మీకు పొట్ట మీద నుంచి మాత్రమే స్కాన్ చేసి ఉంటే కింది నుంచి ఇంకోసారి చేయమని అడగండి. పొట్ట మీది స్కాన్‌కు మూత్రసంచి నిండి ఉండాలి, కింది స్కాన్‌కు ఖాళీగా ఉండాలి. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో పాలిప్‌కు రక్తం తెచ్చే నాళం ఒకటి కనిపిస్తే అది పాలిప్పే అన్న నమ్మకం పెరుగుతుంది. మంచిదో చెడ్డదో మాత్రం డాప్లర్ చెప్పలేదు.

ఇక్కడ మూడు దారులు తప్పుదోవ పట్టిస్తాయి. ‘పాప్ స్మియర్ బాగుంది’ అంటే సంచి మూతి దగ్గర కణాలు బాగున్నాయని మాత్రమే అర్థం, లోపలి పాలిప్ గురించి అది ఏమీ చెప్పదు. సీఏ-125 రక్తపరీక్ష కూడా దీన్ని తేల్చదు. ఇక కండ కరుగుతుందని రాసిచ్చే హార్మోన్ మాత్రలు. ముట్లు నిలిచినవారిలో ఇంత పాలిప్ మాత్రలతో పోతుందని ఆశించలేం. పైగా ముక్క తీయకముందే వాటిని వాడితే మరక ఆగి మనకు ధైర్యం వస్తుంది, లోపలి కణాల రూపు మారి పరీక్ష కష్టమవుతుంది.

మీకు కావలసిన పని పేరు హిస్టరోస్కోపిక్ పాలిపెక్టమీ. పేరు నోరు తిరగకపోతే ‘కెమెరాతో చూస్తూ పాలిప్ తీయడం’ అనండి, అర్థమవుతుంది. సుమారు 3 నుంచి 5 మి.మీ. మందం ఉన్న కెమెరా గొట్టాన్ని సంచి మూతిలోంచి లోపలికి పంపుతారు. పొట్ట మీద కోత ఉండదు. లోపల ఖాళీ విప్పారడానికి సెలైన్ ఎక్కిస్తారు. పాలిప్‌ను కళ్లారా చూస్తూ చిన్న కత్తెరతోనో, వైరు ఉచ్చుతోనో, తీసిన కండను లోపలికి పీల్చుకునే పరికరంతోనో కాడ మొదలుకు కోస్తారు. మొదలు మిగిలిపోతే అక్కడినుంచే మళ్లీ పెరగొచ్చు. చెడు కణాలు ఉంటే అవి గోడలోకి పాకాయా లేదా తెలియాలన్నా ఆ మొదలే కావాలి. అదే సమయంలో చుట్టుపక్కల పొర నుంచి కూడా వేరుగా కొంచెం ముక్క తీయమనండి.

చిన్న ఆసుపత్రుల్లో దీనికి బదులు డీఎన్‌సీ చేద్దామంటారు. కెమెరా లేకుండా లోపల గోకడం అది. సన్నకాడకు వేలాడే పాలిప్ ఆ గరిటె తగలగానే పక్కకు ఒరిగిపోతుంది, గరిటె దాని పక్కనుంచి జారిపోతుంది. చుట్టూ ఉన్న పొర సీసాలోకి వస్తుంది, రిపోర్టు ‘అంతా బాగుంది’ అని వస్తుంది, పాలిప్ మాత్రం లోపలే ఉంటుంది. రెండు నెలలకు మళ్లీ మరక. సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో ఓపీలో తీసే బయాప్సీ కూడా పాలిప్ విషయంలో ఇలాగే తప్పిపోవచ్చు. దాంట్లో కాన్సర్ కనిపిస్తే నమ్మాలి, కనిపించకపోతే పాలిప్‌ను తేల్చినట్టు కాదు. అందుకే వెళ్లేముందు ఫోనులో ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ దగ్గర హిస్టరోస్కోప్ ఉందా, ఇప్పుడు పనిచేస్తోందా?’ బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి, విశాఖ కె.జి.హెచ్. మీ వైపువారు వెళ్లగలిగే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు. శ్రీకాకుళమైనా, ఇంకెక్కడైనా ఇదే ప్రశ్న. మీ ఆరోగ్య కార్డు ఒడిశాది కాబట్టి సరిహద్దు దాటేముందు ఇంకో రెండు కూడా అడగండి: ఆ కార్డు అక్కడ నడుస్తుందా, ఈ ప్రత్యేకమైన పనికి నడుస్తుందా.

ఇక ‘ఆ సంచితో పనేముంది’ అన్న మాట. దీని గురించి గట్టిగానే చెబుతాం. ముక్క పరీక్ష లేకుండా సంచి తీయడం రెండు వైపులా నష్టమే. అది మామూలు పాలిప్ అయితే, అదే ఎక్కువమందికి జరిగేది, బీపీ, షుగర్ ఉన్న 59 ఏళ్ల మనిషికి అక్కర్లేని పెద్ద ఆపరేషన్ చేసినట్టు. మూత్రసంచికి, మూత్రనాళానికి గాయం, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, షుగర్ వల్ల కుట్లు మానకపోవడం, ఇవన్నీ ఒక చిన్న కండ కోసం తలకెత్తుకున్నట్టు. అది కాన్సరే అయితే నష్టం ఇంకా ఎక్కువ. అప్పుడు చేయాల్సిన ఆపరేషన్ వేరు. సంచితోపాటు దాని రెండు పక్కలా ఉండే అండవాహిక గొట్టాలు, రెండు అండాశయాలు తీయాలి, సంచిని ముక్కలు చేయకుండా నిండుగా బయటికి తేవాలి, అవసరాన్ని బట్టి లింఫ్ గ్రంథులు చూడాలి. ముందుగా తెలియక మామూలు ఆపరేషన్ చేసి, తర్వాత ముక్కలో కాన్సర్ బయటపడితే మళ్లీ కోయాల్సి రావొచ్చు. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. అనవసరంగా సంచులు తీయడాన్ని ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రాలన్నీ వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘ముందు పాలిప్ తీసి ముక్క పరీక్ష చేయండి, సంచి సంగతి రిపోర్టు చూసి మాట్లాడదాం’ అని మీరు అనడం డాక్టరును అవమానించినట్టు కాదు.

వెళ్లే ముందు హిమోగ్లోబిన్, షుగర్, ఈసీజీ చేయిస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. షుగర్ మాత్ర పేరు చివర ‘ఫ్లోజిన్’ అని ఉంటే, దాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, ఆ సంగతి వారం ముందే చెప్పండి. మత్తు ఇచ్చే పని ఉంటే దాన్ని మూడు రోజుల ముందే ఆపిస్తారు, లేకపోతే పరగడుపున రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. ఆ ఉదయం బీపీ మాత్రను గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, షుగర్ మాత్ర మానమంటారు. అన్నం, టిఫిన్ ఆరు గంటల ముందు నుంచి ఉండకూడదు. మీ వయసులో సంచి మూతి బిగుసుకుపోయి ఉంటుంది, గొట్టం దూరేటప్పుడు అక్కడే ఇబ్బంది. అది మెత్తబడడానికి కొందరు డాక్టర్లు ముందే మాత్ర పెడతారు. దాంతో పొత్తికడుపు నొప్పి, కొద్దిగా చలి రావచ్చు. ఈ పనిలో సంచికి చిల్లు పడడం అరుదు, పడితే ఎక్కువసార్లు బిగుసుకున్న ఈ మూతి దగ్గరే. లోపలికి ఎక్కించిన సెలైన్‌కూ బయటికి వచ్చిన సెలైన్‌కూ తేడా లెక్కపెడుతూ ఉంటారు. వయసు, గుండెజబ్బు ఉన్నవారిలో ఆ తేడా 1500 మి.లీ. చేరితే పని ఆపేస్తారు, ఒంట్లోకి నీరు ఎక్కువ పోయి ఊపిరితిత్తులకు చేరకుండా. గుండెజబ్బు ఉంటే ఈ లెక్క కోసమైనా ముందే చెప్పాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త, ఎవరూ చెప్పనిది: ఆ సీసా. మన వైపు చాలాచోట్ల తీసిన ముక్కను బంధువుల చేతికిచ్చి ‘ల్యాబ్‌లో ఇవ్వండి’ అంటారు. ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకు కనీసం పది రెట్లు ద్రవం ఉండేలా మునిగి ఉండాలి. మామూలు నీళ్లలోనో, సెలైన్‌లోనో వదిలేస్తే కణాలు కుళ్లిపోతాయి. గాజుగుడ్డలో చుట్టి పెడితే చిన్న ముక్కలు దానికే అతుక్కుని ఎండిపోతాయి. సీసా మూత బిగుతుగా ఉందా, మూత మీద కాకుండా సీసా మీదే మీ పేరు, వయసు, తేదీ, ఎక్కడి ముక్క అన్నది రాసి ఉందా చూసుకోండి. పాలిప్, చుట్టుపక్కల పొర రెండు వేర్వేరు సీసాల్లో ఉండాలి. సీసాను తెరిచి చూడకండి, ఆ ద్రవం కళ్లకూ ముక్కుకూ మంట. ‘చూడడానికి బాగానే ఉంది, పరీక్ష అక్కర్లేదు’ అని ఎవరన్నా ఒప్పుకోకండి. తీసిన ప్రతి ముక్కా ల్యాబ్‌కు వెళ్లాల్సిందే.

ఇంటికి వచ్చాక కొన్ని రోజులు కొద్దిగా ఎర్రనీరు మామూలే. రెండు వారాలు మహేంద్రతనయ నదిలో మునగడం, చెరువు స్నానం వద్దు, బకెట్ నీళ్లు పోసుకోండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, వాసన వచ్చే నీరు పోయినా, కడుపునొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, గంటకో ప్యాడ్ తడుస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

రిపోర్టులో ‘బినైన్ ఎండోమెట్రియల్ పాలిప్’ అని ఉంటే అది మామూలు కండ, తీసేయడంతో వైద్యం అయిపోయినట్టే. ‘హైపర్‌ప్లేసియా వితౌట్ ఎటిపియా’ అంటే పొర ఎక్కువగా పెరిగింది కానీ కణాలు దారి తప్పలేదు. అది కాన్సర్‌గా మారేది 20 ఏళ్లలో 100కి ఐదుగురి కన్నా తక్కువ మందిలో. ప్రొజెస్టెరాన్ మందో, ఆ మందు వదిలే లూపో పెట్టి, ఆరు నెలలకోసారి మళ్లీ ముక్క చూస్తారు. ‘ఎటిపికల్ హైపర్‌ప్లేసియా’ లేదా ‘ఈఐఎన్’ అని ఉంటే మాట మారుతుంది. పక్కనే కాన్సర్ దాగి ఉండే అవకాశం తక్కువేమీ కాదు, అప్పుడు సంచి, గొట్టాలు, అండాశయాలు తీయించుకోవడమే సరైన దారి. ‘సీరస్’ అన్న మాట కనిపిస్తే ఒక్క వారం కూడా ఆలస్యం వద్దు. ఈ రకం కాన్సర్ పెద్దవయసులో, చుట్టూ పొర పలచగా ఉన్నా, పాలిప్‌లోనే మొదలుకావచ్చు, పాలిప్ చిన్నదైనా త్వరగా పాకుతుంది. ఇలాంటి రిపోర్టు వస్తే ల్యాబ్ నుంచి స్లైడ్లు, మీ ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకు అడిగి తీసుకుని కాన్సర్ ఆసుపత్రికి వెళ్లండి. విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది, కటక్‌లో ఆచార్య హరిహర సంస్థ ఉంది. కాగితం ఒక్కటే తీసుకెళ్తే ముక్కను మళ్లీ చూడడానికి వాళ్లకు ఏమీ ఉండదు.

రిపోర్టు మంచిగా వచ్చినా మళ్లీ ఎప్పుడైనా మరక కనిపిస్తే ‘పోయినసారి పాలిప్పేలే’ అనుకోకండి. పాలిప్ మళ్లీ పుట్టొచ్చు, వేరేదీ కావచ్చు. స్కాన్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అలాగే మీ ఇంట్లో పేగు కాన్సర్, గర్భసంచి కాన్సర్ ఒకరికన్నా ఎక్కువమందికి, అదీ 50 ఏళ్ల లోపు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. తల్లిదండ్రుల నుంచి వచ్చే ముప్పు ఒకటి ఉంది, దానికి పరీక్షలు వేరు.

ఇక మీ అప్ప. టామోక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటుంది, గర్భసంచి పొర మీద మాత్రం ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది. అందుకే ముట్లు నిలిచినవారిలో పాలిప్‌లు ఎక్కువగా పుడతాయి, గర్భసంచి కాన్సర్ అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అయినా విడిగా చూస్తే అది చిన్న అంకే, ఆ మాత్ర రొమ్ము కాన్సర్‌ను తిరిగి రాకుండా ఆపే మేలు చాలా పెద్దది. మీ సంగతి విని ఆమె భయపడి మాత్ర ఆపేయకుండా చూడండి. మరక లేకపోతే ఊరికే స్కాన్లు తీయించనక్కర్లేదు. టామోక్సిఫెన్ వాడేవారిలో పొర కింద చిన్న చిన్న నీటితిత్తులు ఏర్పడి స్కాన్‌లో పొర మందంగా కనిపిస్తుంది, దాంతో అక్కర్లేని పరీక్షలు మొదలవుతాయి. ఆమె చేయాల్సింది ఒకటే: బట్టకు మరక కనిపిస్తే అది మూత్రంలోంచి వచ్చిందా, మొలల నుంచి వచ్చిందా, యోని నుంచి వచ్చిందా అని శుభ్రమైన తెల్లటి దూదితో తుడిచి చూసుకుని, తేదీ రాసుకుని, మాత్ర రాసిన డాక్టరుకు ఆ వారంలోనే చెప్పాలి.